మురుగుకాలువలోని మందు

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు అను పట్టణము కలదు. 1941వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఆ పట్టణపు ఆసుపత్రియందు ఒక పోలీసు ఉద్యోగి మరణశయ్యపై నుండెను. ముఖముపై నేర్పడిన చిన్న గాయములో సూక్ష్మక్రిములు చొరబడి, ఒడలెల్ల వ్యాపించి, చీముగడ్డలను లేపెను. ఒక కన్ను తీసివేయవలసి వచ్చెను. ఆనాటికి వైద్యులయొద్ద నున్న మందులేవియు పనిచేయలేదు. అప్పుడు అచ్చటి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తాము బూజునుండి తీసిన పెన్సిలిన్ అను క్రొత్త మందును ఆతనికి సూదిద్వారా ఎక్కించిరి. నాలుగైదు దినములలో జ్వరము తగ్గెను, ఆకలి పుట్టెను, గాయములు మానుముఖము పట్టెను. చూచినవారు ఆశ్చర్యపడిరి.

కాని ఆ మందు వారియొద్ద మిక్కిలి కొంచెముగా నుండెను. కావున వారొక యుపాయము పన్నిరి. శరీరములోనికి పోయిన పెన్సిలిన్‌లో అధికభాగము మార్పు చెందకయే మూత్రముతో వెలుపలికి వచ్చునని వారెరుగుదురు. ఆ రోగి మూత్రమును పట్టి, ప్రయోగశాలకు గొనిపోయి, అందలి మందును వేరుచేసి, దానినే మరల ఆతనికి ఎక్కించిరి. అయినను అయిదు దినములకు మందు పూర్తిగా అయిపోయెను. వ్యాధి తిరుగబెట్టెను. మార్చి 15వ తేదీన ఆ రోగి మరణించెను.

విద్యార్థులారా! ఈ కథలో రెండు సంగతులను గమనింపుడు. మొదటిది: చిన్న గీటు సైతము మనుష్యుని ప్రాణము తీయగల కాలమొకటి యుండెను, అది మన తాతముత్తాతల కాలమే. రెండవది: మనము పుచ్చుకొనిన మందు మన శరీరముతో అంతము కాదు, అది వెలుపలికి వచ్చును. ఆనాడు బొట్టుబొట్టుగా ఏరి దాచిన ఆ వస్తువే నేడు ఆసుపత్రుల మురుగుకాలువలలో రేయింబవళ్లు పారుచున్నది. అట్లు పారుటవలన నేమి కలుగుచున్నదో తెలిసికొనుటయే ఈ పాఠమున మన పని.

సూక్ష్మక్రిములలో బాక్టీరియా అను జాతి యొకటి. బాక్టీరియాలన్నియు మనకు శత్రువులు కావు. పాలను పెరుగుగా మార్చునవి బాక్టీరియాలే. పెసర, మినుము, కంది మున్నగు పైరుల వేళ్లయందుండి నేలకు సారము నిచ్చునవియు బాక్టీరియాలే. కొన్ని మాత్రము క్షయ, టైఫాయిడు, కలరా, రక్తగ్రహణి మున్నగు వ్యాధులను కలిగించును; గాయములకు చీము పట్టించును. పెన్సిలిన్ వంటి మందులు అట్టి బాక్టీరియాలను చంపును, లేదా వానిని పెరుగనీయకుండ నిలుపును. ఈ మందులనే యాంటీబయాటిక్కులని పిలుచుచున్నారు. వీనిలో పెక్కింటిని మానవుడు తనంత తాను కల్పించలేదు. మట్టిలోని బూజులును, సూక్ష్మజీవులును తయారుచేయు పదార్థములనే అతడు కనిపెట్టి, వేరుచేసి, మందుగా మార్చుకొనెను.

లండను నగరమున అలెగ్జాండరు ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు 1928వ సంవత్సరమున తన గాజుపళ్లెములో పడిన బూజు చుట్టు బాక్టీరియాలు నశించియుండుట చూచెను. ఫ్లోరీ, చెయిన్ అను శాస్త్రజ్ఞులు ఆక్స్‌ఫర్డులో ఆ బూజునుండి మందును వేరుచేసిరి. 1945లో ఈ మువ్వురకును నోబెల్ బహుమానము లభించెను. ఈ మహత్కార్యమున మన తెలుగువారికిని పాలు కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా దేశములో లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధ్యక్షులైయుండిరి. వారి ఆధ్వర్యమున డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. ఆ యేడే సుబ్బారావుగారు కాలధర్మము చెందిరి. ఇట్టి మందుల మూలమున లెక్కలేనంతమంది తల్లులు, బిడ్డలు, క్షతగాత్రులు బ్రతికి బట్టకట్టిరి.

అయితే నోబెల్ బహుమానము నందుకొన్న సందర్భమున చేసిన ఉపన్యాసములోనే ఫ్లెమింగు ఒక హెచ్చరిక చేసెను. తగినంత మోతాదు లేక కొంచెము కొంచెముగా మందు వాడినచో, చావని క్రిములు దానికి లొంగకుండుట నేర్చునని ఆయన చెప్పెను. ఆ మాట నిజమైనది. 'నేర్చుట' యని మనమనుచున్నాము గాని, బాక్టీరియాకు మనవలె బుద్ధిలేదు, బడిలేదు. మరి అది యెట్లు నేర్చును?

దీనిని వరిచేనిలో చూడవచ్చును. వరిలో ఊద యను కలుపుగడ్డి మొలచును. కలుపు తీయువారు వరివలె లేని మొక్కలను సులభముగా గుర్తించి పెరికివేయుదురు. అచ్చముగా వరిని పోలియున్న ఊదమొక్క మాత్రము వారి కన్నుగప్పి నిలిచిపోవును, గింజ రాల్చును. మరుసటి యేడు మొలచునది ఆ గింజయే. ఇట్లు తరతరములు జరుగగా కలుపు తీయు చేతికి దొరకని ఊదయే చేనిలో మిగులును. ఊద తెలివి నేర్వలేదు; దొరకినది పోయినది, దొరకనిది మిగిలినది. అంతే.

బాక్టీరియాల సంగతియు నిట్టిదే. కోట్లకొలది బాక్టీరియాలలో ఒకటి రెండింటికి పుట్టుకతోనే చిన్న మార్పు కలుగుచుండును. ఆ మార్పువలన ఒకటి మందును విరుగగొట్టు పదార్థమును తయారుచేయగలుగును. వేరొకటి లోనికి వచ్చిన మందును వెలుపలికి త్రోసివేయగలుగును. మందు లేనప్పుడు ఈ మార్పువలన దానికి లాభమేమియు లేదు. మందు వచ్చినప్పుడు తక్కినవన్నియు చచ్చును; ఇది బ్రతుకును. ఖాళీయైన చోటంతయు దానిదే యగును. మన ప్రేగులలో నివసించు ఒక జాతి బాక్టీరియా అనుకూలమైన స్థితిలో ఇరువది నిమిషముల కొకసారి రెండుగా చీలును. లెక్క వేసి చూడుడు: ఒక్క బాక్టీరియానుండి పది గంటలలో ముప్పది రెట్టింపులు జరిగి, నూట యేడు కోట్లకు పైగా బాక్టీరియాలు పుట్టును. ఊదకు ఏడాది పట్టు పని వీనికి ఒక్కరాత్రిలో ముగియును.

ఇంతకంటె చిత్రమైన సంగతి యొకటి కలదు. ఊదమొక్క తన గుణమును తన గింజలకే యీయగలదు. బాక్టీరియా తన గుణమును ప్రక్కనున్న వేరొక జాతి బాక్టీరియాకును ఈయగలదు. దాని శరీరములో చిన్న వలయమువంటి జన్యుపదార్థ ముండును. దానిని ప్లాస్మిడ్ అందురు. రెండు బాక్టీరియాలు కలిసికొనినప్పుడు ఒకటి ఈ వలయమునకు ప్రతి తీసి రెండవదానికి అందించును. ఒక విద్యార్థి తన లెక్కల పుస్తకమును ప్రక్కవానికి ఎక్కించుకొననిచ్చినట్లే! జపాను దేశమున రక్తగ్రహణి క్రిములు నాలుగు రకముల మందులకు ఒక్కసారిగా లొంగకుండుట చూచి అచ్చటి శాస్త్రజ్ఞులు విస్మితులైరి. సుబ్బారావుగారి కాలమున వెలసిన టెట్రాసైక్లిన్ జాతి మందును ఆ నాలుగింటిలో నొకటి. ఆ నాలుగు గుణములును ఒక క్రిమినుండి మరియొక జాతి క్రిమికి కలిసికట్టుగా చేరుచున్నవని 1959లో వారు తెలిసికొనిరి.

ఇప్పుడు ఆసుపత్రి మురుగుకాలువకు వత్తము. ఈ యిచ్చిపుచ్చుకొనుటకు అంతకంటె అనువైన చోటు వేరొకటి లేదు. ఏలయనగా, అచ్చట మూడు వస్తువులు కలియును. రోగుల శరీరములనుండి వచ్చిన క్రిములు మొదటివి. రోగుల మూత్రముతో వచ్చిన మందు రెండవది. అమాక్సిసిల్లిన్ అను సామాన్యమైన మందును మ్రింగినచో అందు సగమునకు పైగా మార్పు చెందకయే మూత్రముతో వచ్చును. నీరును, ఆహారమువంటి మలినమును మూడవది. కాలువలో మందు నీటితో కలిసి పలుచనగును. అందుచే క్రిములన్నింటిని చంపు శక్తి దానికుండదు. లొంగు క్రిములను బలహీనపరచి, లొంగని వానికి మేలుచేయు శక్తి మాత్రముండును. ఫ్లెమింగు భయపడిన 'కొంచెము మోతాదు' ఇదియే కదా!

మురుగుకాలువ దూరముగా నున్నది గదా, మనకేమని యనుకొనరాదు. చేతులు కడుగుకొను సింకు క్రింద వంపు తిరిగిన గొట్టమొకటి యుండును. దానిలో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచియుండును. చెరువుమెట్లకు పాచి పట్టినట్లు ఆ గొట్టము లోపల బాక్టీరియాలు జిగురుపొరగా ఏర్పడి అతుకుకొనును. ఆ పొరలోపలికి మందుగాని, శుద్ధిచేయు ద్రవముగాని సులభముగా చొరలేదు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమువారు 2017లో ప్రకటించిన ప్రయోగ మొకటి కలదు. ఆకుపచ్చగా మెరయునట్లు చేసిన బాక్టీరియాలను వారు ఆ వంపుగొట్టమునందు ఉంచిరి. ఆహారము దొరకినప్పుడు ఆ జిగురుపొర దినమునకు సుమారొక అంగుళము చొప్పున గొట్టమువెంట పైకి ప్రాకెను. సింకు రంధ్రమును చేరినపిదప కొళాయి త్రిప్పగానే నీటితుంపరలతో కలిసి క్రిములు చుట్టు ముప్పది అంగుళముల లోపల చిందెను. మిగిలిన పానీయములను, ఆహారమును సింకులో పారబోయరాదని నేడు ఆసుపత్రులలో చెప్పుటకు కారణ మిదియే.

ఇది ప్రయోగశాలలోని ముచ్చట మాత్రమే కాదు. అదే దేశమున బెథెస్డా అను చోట నున్న పెద్ద పరిశోధనాసుపత్రిలో 2011వ సంవత్సరమున పేరుమోసిన మందులకు సైతము లొంగని క్రిమి యొకటి పదునెనిమిదిమంది రోగులకు సోకెను. వారిలో పదునొకండుగురు మరణించిరి. ఆరుగురి మరణమునకు ఆ క్రిమియే కారణమని తేలెను. ధనమునకు, విద్యకు, పరికరములకు లోటులేని ఆసుపత్రి యది. అచ్చటి సింకుల గొట్టములలోను ఆ క్రిమి దాగియుండుట శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఇక ఆసుపత్రి గోడలు దాటి వీధిలోనికి వత్తము. కార్బపెనెమ్ అను జాతి మందులను వైద్యులు తక్కిన మందులు విఫలమైనప్పుడు వాడుటకై దాచియుంతురు. ఆ మందులనుగూడ విరుగగొట్టు శక్తినిచ్చు జన్యువు ఒకటి 2008లో బయటపడెను. స్వీడను దేశములోని యొక రోగి న్యూఢిల్లీలో చికిత్స పొంది తిరిగిపోగా, ఆ రోగియందలి క్రిమిలో అది కనబడెను. 2010లో పరిశోధకులు ఢిల్లీ నగరపు వీధులలో నిలిచిన నీటినుండి 171 నమూనాలను, కొళాయినీటినుండి 50 నమూనాలను తీసికొని పరీక్షించిరి. నిలిచిన నీటి నమూనాలలో 51 యందును, కొళాయినీటి నమూనాలలో రెండింటియందును ఆ జన్యువు కలదని 2011లో ప్రకటించిరి. ఆ జన్యువును ధరించిన వానిలో రక్తగ్రహణి జాతి క్రిమియు, కలరా జాతి క్రిమియు నుండెను. ఆసుపత్రిలోని రోగికి మాత్రమే సంబంధించినదనుకొన్న చిక్కు అప్పటికే వీధిలోని నీటిని చేరినదన్నమాట.

మందు నీటిలో చేరుటకు రోగి శరీర మొక్కటే దారి కాదు. మందును తయారుచేయు చోటునుండియు అది నీటిలో చేరవచ్చును. దీనికి తార్కాణము మన హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరు. దాదాపు తొంబది మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమొకటి అచ్చట నుండెను. దానినుండి వెలువడిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరు నీటిలో 31 మిల్లీగ్రాములవరకు నుండెను. ఆ మందును వైద్యుని సలహాపై పుచ్చుకొను రోగి నెత్తురులో సైతము అది అంత యెక్కువగా నుండదు! మన నేలపై తయారైన మందు ఎన్నో దేశముల రోగులను బ్రతికించుచున్నది. అది మనకు గర్వకారణమే. ఆ మందే మన వాగులలో చేరకుండ చూచుకొనుటయు మన బాధ్యతయే.

ఇట్టి నీటిని త్రాగినవారెల్లరు వెంటనే జబ్బుపడుదురా యని మీరడుగవచ్చును. పడరు. లొంగని క్రిమి ఆరోగ్యవంతుని ప్రేగులలో ఏ బాధయు కలిగింపక ఊరకుండవచ్చును. ఆతనికి శస్త్రచికిత్స జరిగిన నాడో, గాయము తగిలిన నాడో, లేదా పసిబిడ్డకో వృద్ధునికో సోకిన నాడో అది తన స్వభావమును చూపును. అప్పుడు వైద్యుని చేతిలోని మందు పనిచేయదు. ఒక్క 2019వ సంవత్సరముననే ప్రపంచములో సుమారు 12 లక్షల 70 వేలమంది నేరుగా ఇట్టి మొండి క్రిముల మూలమున మరణించిరని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి.

ఈ సంగతి నాకు పుస్తకములవలన తెలిసినది కాదు. కొన్నేండ్ల క్రిందట మా అక్కగారు కాలుజారి పడగా తొడయెముక విరిగెను. శస్త్రచికిత్స చక్కగనే జరిగెను గాని, పదిదినములకు గాయము చీముపట్టెను. వైద్యులు ఆ చీమును పరీక్షకు పంపిరి. వచ్చిన కాగితముపై పండ్రెండు మందుల పేర్లుండెను. పదింటికెదురుగా 'లొంగదు' అను అర్థమిచ్చు గుర్తు కలదు. మిగిలిన రెండింటిలో నొకటి ఆమె మూత్రపిండములకు పడదనిరి. కడకు ఒక్క మందు మిగిలెను. "తమ్ముడా! ఆ ఒక్కటి కూడ లేకపోయినచో ఏమగును?" అని ఆమె యడిగెను. ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నాకు జవాబు తోచలేదు.

ఆ మందు పనిచేసెను. మా అక్కగారు బ్రతికిరి. కాని ఆ కాగితమును చూచుచున్నప్పుడు నాకు నా తప్పు జ్ఞప్తికి వచ్చెను. ప్రధానోపాధ్యాయుడనై యున్న దినములలో నాకు కాలిపై పుండు లేవగా వైద్యుడు ఏడు దినములకు బిళ్లలిచ్చెను. మూడవ దినమునకే నొప్పి తగ్గుటచే ఆయనను అడుగకయే నేను మానివేసితిని. మిగిలిన బిళ్లలలో కొన్నింటిని జలుబుతో బాధపడుచున్న తోటి యుపాధ్యాయునికి ఇచ్చితిని. జలుబు వైరసు వలన వచ్చును. యాంటీబయాటిక్ వైరసును ఏమియు చేయలేదు. కడమ బిళ్లలను ఇంటివెనుక మురుగుకాలువలో పారవైచితిని. ఒక్క చికిత్సలో మూడు తప్పులు చేసి, అందొక్కటైనను తప్పని యెరుగనైతిని.

ఇప్పుడు చేయదగిన పనులేవి? ప్రభుత్వమును, ఆసుపత్రులును చేయవలసినవి కొన్ని. ఆసుపత్రి మురుగును వీధికాలువలోనికి నేరుగా వదలక, మడ్డిని తేర్చి, గాలిని పంపి, క్రిములను చంపి, పిదప వదలవలెను. 2016లో మన దేశమున వచ్చిన జీవవైద్య వ్యర్థముల నిబంధనలు ద్రవరూపమైన వ్యర్థమును శుద్ధిచేయవలెనని విధించుచున్నవి. కాలము చెల్లిన మందులను పసుపుపచ్చ సంచిలో వేరుగా నుంచి, తగిన రీతిని నాశనము చేయవలెననియు అవి చెప్పుచున్నవి. కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్కులను వైద్యుని చీటి చూచి, పుస్తకములో వ్రాసికొనియే అమ్మవలెనని 2013లో నియమము చేయబడెను. నిబంధన కాగితముపై నుండుట వేరు, కాలువలో కనబడుట వేరు. మీలో రేపు ఇంజనీరులు, వైద్యులు, పురపాలక సభ్యులు కాబోవువారు ఈ భేదమును మరువరాదు.

మనమందరమును చేయదగినవియు కొన్ని కలవు. మందుబిళ్లల పట్టీపై నిలువుగా ఎర్రని గీత యున్నచో వైద్యుని సలహా లేక దానిని వాడరాదు. వైద్యుడు చెప్పిన మోతాదును, చెప్పినన్ని దినములు పుచ్చుకొనవలెను. మధ్యలో మానదలచినచో ఆయననే అడుగవలెను. జలుబు చేయగానే 'బలమైన మందు' ఇమ్మని వైద్యుని బలవంతపెట్టరాదు. ఒకరికిచ్చిన మందును మరియొకరు వాడరాదు. మిగిలిన బిళ్లలను కాలువలోను, మరుగుదొడ్డిలోను పారవేయరాదు. ఆసుపత్రిలో రోగిని చూడబోవునప్పుడు, చూచి వచ్చునప్పుడు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. భోజనమునకు ముందును, మలవిసర్జనము పిదపను చేతులు కడుగుకొనుటయు, కాచిన నీరు త్రాగుటయు, వేయించదగిన టీకాలు వేయించుకొనుటయు మందుతో పనిలేకుండ చేయును. సోకని వ్యాధికి మందక్కరలేదు. వాడని మందు కాలువలో చేరదు.

1941లో ఆ పోలీసు ఉద్యోగి మందు చాలక మరణించెను. నేటి రోగి మందు సమృద్ధిగా నుండియు, అది పనిచేయక మరణించు స్థితి దాపురించుచున్నది. చెరువు ఊరివారందరిది, ఎవ్వడు మలినము చేసినను త్రాగువారందరికిని ముప్పే. యాంటీబయాటిక్ మందుయొక్క శక్తియు అట్టి ఉమ్మడి చెరువే. మీ యింట అలమరలో మిగిలిన బిళ్లలేవైన నున్నచో నేడే పెద్దలకు చూపి, ఈ పాఠమును వారికి చెప్పుడు. మా అక్కగారి ప్రశ్నకు నేను చెప్పలేకపోయిన జవాబు మీరు చెప్పగలుగుదురు గాక!